బొట్టు పెట్టే చోటు

నేను ఒక గ్యాస్ మీటరును. పైడమ్మ గడప మీద కూర్చుని, చీపురు పుల్ల కొనకు దూది చుట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, నా ముక్కు తుడుస్తోంది. లోపల పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది. దూది తీసి వెలుతురుకు పెట్టి చూసింది. మొదటి రోజు ఎర్రగా వచ్చింది. తరువాత పసుపుగా వచ్చింది. ఈ పొద్దున తెల్లగా వచ్చింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఇంకో దూదిపింజ చుట్టుకుంటోంది.

నా రూపం కాస్త చెప్పాలి. అరచేతిలో పట్టే పసుపుపచ్చ డబ్బాను. వెనక చొక్కాకు తగిలించుకునే కొక్కెం ఉంటుంది. ముందు చిన్న గాజు పలక, అందులో ఒక అంకె. పైన రెండు పక్కలా రెండు ఎర్ర దీపాలు, సరిగ్గా వాటి మధ్య రూపాయి బిళ్ళంత గుండ్రని జల్లెడ. ఆ జల్లెడే నా ముక్కు. పెట్రోలు ఆవిరి దాంట్లోంచి లోపలికి వస్తే నా దీపాలు వెలుగుతాయి, నేను కూత పెడతాను. నాకు వచ్చింది ఆ ఒక్క పనే.

నన్ను చేసిన చోట ఎప్పుడూ చల్లగా ఉండేది. తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న అమ్మాయిలు వరుసగా కూర్చుని పని చేసేవారు. నా లోపల వెంట్రుక కన్నా సన్నని తీగ ఒకటి ఉంది. దాన్ని చుట్టిన అమ్మాయికి తుమ్ము వస్తే ముఖం పక్కకు తిప్పుకునేది, నా మీద పడకుండా. నా ముక్కును మళ్ళీ అంత శ్రద్ధగా చూసిన మనిషి పైడమ్మే. నడుమ చాలామంది చేతులు మారాను.

మొదట ఒక పెట్రోలు డిపోలో ఆఫీసరు చేతికి వచ్చాను. ఆయన నన్ను ఎంతో విలువైనదానిగా చూసుకున్నాడు. అందుకే బీరువాలో పెట్టి తాళం వేశాడు. ముఖం మీది ప్లాస్టిక్ పొర కూడా తియ్యనివ్వలేదు. "పాడైతే జవాబు ఎవరు చెప్తారు?" అనేవాడు. తనిఖీకి పెద్దలు వచ్చినప్పుడు నన్ను బల్ల మీద పెట్టేవాడు. వాళ్ళు చూసి తల ఊపేవారు. వాళ్ళ కారు గేటు దాటేసరికి నేను మళ్ళీ బీరువాలో ఉండేదాన్ని. ఆయన తరువాత వచ్చినాయన పొర తీశాడు కానీ, నా బ్యాటరీలు కూడా తీసి ఇంట్లో టీవీ రిమోటుకు వేసుకున్నాడు. అలా ఆవిరి నిండిన చోట ఉండి కూడా ఆవిరి వాసన ఎరగకుండా పెరిగాను. చివరికి పాత బూట్లు, పగిలిన టోపీలతో కలిపి ఒక కంట్రాక్టరుకు అమ్మేశారు. ఆయన నన్ను కనకారావు మేస్త్రీకి ఇచ్చాడు.

కనకారావు మేస్త్రీ పని పాత పెట్రోలు బంకులు శుభ్రం చేయించడం. అనకాపల్లి దాటాక హైవే పక్కన మూతపడిన బంకు ఒకటి ఉంది. దాని భూమిలో పాతిన ట్యాంకులు తుప్పు పట్టి కారిపోయాయి. చుట్టూ మట్టి నల్లబడింది. పక్కింటివాళ్ళు బోరు నీళ్ళు కొట్టుకుంటే బిందెలో రంగురంగుల తెట్టు తేలేది. ఆ మట్టి తవ్వి, పట్టాలు కప్పి లారీల మీద పంపాలి. ట్యాంకుల్లో అడుగున పేరుకున్న మడ్డి మనిషి దిగి ఎత్తాలి. ఆ దిగే మనిషి నూకరాజు. పైడమ్మ అతని భార్య. అతని నడుముకు కట్టిన తాడు రెండో కొస పట్టుకుని ట్యాంకు మూతి దగ్గర కూర్చోవడం ఆమె పని. మిగతావాళ్ళలో ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు కదా అని మేస్త్రీ అడిగితే నూకరాజు ఒప్పుకోలేదు.

"ఆళ్ళు సెల్లు సూసుకుంటారు మేస్త్రీ. ఇది నన్ను సూసుకుంటాది" అన్నాడు.

నూకరాజు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నవ్వడం అసలు తక్కువ. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు మాత్రం తాడు భుజాన వేసుకుని, గడప దాటబోతూ ఎవరూ లేకపోయినా గోడకైనా సరే "ఎల్లొస్తాను" అని చెప్పి వెళ్ళేవాడు. పైడమ్మ అతనితోనే పనికి వచ్చేది. అయినా ఆ మాట చెప్పేవాడు. ఆమె గిన్నెతో పాటు నన్నూ సంచిలో వేసుకుని అతని వెనకే వస్తూ "ఎల్లిరా" అనేది. ఇద్దరూ కలిసి నడుస్తూ ఆ మాట చెప్పుకోవడం నాకు వింతగా ఉండేది.

నాకు పిచిక అని పేరు పెట్టింది నూకరాజే. నేను మొదటిసారి అతని గుండెల మీద కూత పెట్టిన రోజు అతను ట్యాంకులోంచి చివుక్కున పైకి వచ్చాడు. "ఇదేటే, పిచికలాగ అరుస్తున్నాది" అన్నాడు. నాకు ఆ పేరు నచ్చింది. కొనేటప్పుడు అరుస్తుందా అని అడిగి కొంటారు, అరిస్తే విసుక్కుంటారు. మనుషులతో నాకున్న ఇబ్బంది అదే. నూకరాజు విసుక్కునేవాడు కాదు. నేను అరిస్తే పైకి వచ్చేవాడు. గాలి కొట్టే పంకా ట్యాంకులోకి గాలి పంపేది, నేను ఊరుకున్నాక మళ్ళీ దిగేవాడు. మనిషి ముక్కుకు ఒక గుణం ఉంది. పెట్రోలు వాసన మొదట గుప్పుమంటుంది, కాసేపటికి అలవాటై అసలు తెలియదు. పోయింది వాసన కాదు, దాన్ని పట్టే తెలివి. నా ముక్కుకు అలవాటు అనేది లేదు.

నన్ను పరీక్షించడానికి కంపెనీ ఇచ్చిన చిన్న గ్యాసు సీసా ఒకటి ఉండేది. అది అయిపోయాక ఇంకోటి ఎవరూ పంపలేదు. అప్పుడు పైడమ్మ ఒక పద్ధతి పెట్టింది. రోజూ పని మొదలయ్యే ముందు మేస్త్రీ మోటారు సైకిలు దగ్గరికి వెళ్ళి, పెట్రోలు మూత తిప్పి, ఆ మూతి దగ్గర నన్ను పట్టుకునేది. నేను కూత పెట్టేదాన్ని. అందరికీ వినిపించేది.

"నా బండిలో పెట్రోలంతా ఆ పిచికే తాగేస్తన్నాదమ్మా" అని మేస్త్రీ రోజూ అనేవాడు.

"తాగితే తాగనీండి. మీ బండి దిగేది రోడ్డు మీదకి. మా మావ దిగేది ట్యాంకులోకి" అనేది పైడమ్మ.

మొదట్లో కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు వచ్చి నా గురించి పాఠం చెప్పాడు. ఎలా తగిలించుకోవాలి, కూత పెడితే ఏం చెయ్యాలి, ఈ గుండ్రని జల్లెడకు ఏదీ అడ్డం రాకూడదు అని వేలు పెట్టి చూపించాడు. ట్యాంకులోకి దిగేవాళ్ళని మాత్రమే ముందు కూర్చోబెట్టారు. పైన ఉండేవాళ్ళకు ఎందుకని పైడమ్మను టీ తెమ్మని పంపారు. ఆమె టీ తెచ్చేసరికి పాఠం అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, టీ తాగారు.

తరువాత దసరా వచ్చింది. ఆయుధ పూజ రోజు పని ఆపారు. బంకు ముందు రేకుల షెడ్డు కడిగి, గునపాలు, పారలు, తట్టలు, గాలి పంకా అన్నీ వరుసగా పెట్టారు. మేస్త్రీ బండి కడిగి తెచ్చి బంతిపూల దండలు వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. నన్ను ఎక్కడ పెట్టాలో కాసేపు తేలలేదు. గునపాల పక్కన పెడితే చిన్నదాన్ని, కనిపించను. పైడమ్మ ఒక ఇటుక మీద తమలపాకు పరిచి దాని మీద నన్ను నిలబెట్టింది.

"పిచికకి పెద్ద పీటే ఏసినావే" అన్నారు ఎవరో.

"నా మనిషిని రోజూ ఇంటికి తెస్తన్నది ఇదే కదా" అంది ఆమె.

అందరికీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. పారకు ఒకటి, గునపానికి ఒకటి, పంకాకు మూడు. నా దగ్గర ఆగింది. నా ముఖం ఒకసారి చూడండి. రెండు దీపాలు రెండు కళ్ళు. వాటి నడుమ గుండ్రంగా చోటు. తెలుగు ఆడమనిషి చేతికి గంధం గిన్నె ఇచ్చి నా ముఖం చూపిస్తే వేలు ఇంకెక్కడికి పోతుంది? ఆమె గంధం తడిగా, చిక్కగా తీసి, ఆ గుండ్రని చోట నిండుగా అద్దింది. దాని మీద కుంకుమ పెట్టింది. కాస్త తక్కువైందనిపించి మళ్ళీ పెట్టింది. హారతి ఇచ్చి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. నా జన్మలో నాకు అంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు. గంధం ఆరుతూ ఉంటే నాకు లోకం మెల్లగా దూరమైపోయింది.

మరునాడు పండగ. ఆ తరువాత రోజు పని మొదలైంది. పైడమ్మ మామూలుగా నన్ను తీసుకుని బండి దగ్గరికి వెళ్ళింది. పెట్రోలు మూత మీద దండ చుట్టి దారంతో బిగించి ఉంది.

"దాన్ని ముట్టుకోకమ్మా, మా ఆవిడ ఊరుకోదు. పూలు వాడి రాలేదాకా తియ్యకూడదంట" అన్నాడు మేస్త్రీ.

"మరి పిచికని సూడొద్దా?"

"మొన్ననే కదా దానికి పూజ సేసినాం. అంత నమ్మకం నేకపోతే దండం ఎందుకెట్టినావు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పైడమ్మ కూడా నవ్వేసింది. పూజ చేసినదాన్ని వెంటనే పరీక్ష పెట్టడం తప్పుగానే తోచింది ఆమెకు. పాఠం విన్న నూకరాజుకూ నా ముఖం మీద బొట్టు తప్పుగా తోచలేదు. నన్ను చొక్కాకు తగిలించుకుని, ముఖానికి ముసుగు కట్టుకుని దిగాడు. నా పలకలో సున్నా ఉంది. సున్నాను చూస్తే మనిషికి ఎంత ధైర్యమో! మూత మూసి ఉన్న ఆ పండగ రోజుల్లో మడ్డిలోంచి లేచిన ఆవిరి అడుగున నిలిచి ఉంది. పైపైన గాలి కొట్టారు కానీ నూకరాజు పారతో మడ్డి కదిపేసరికి ఇంకా లేచింది. నా చుట్టూ అంతా అదే ఉంటుందని నాకు తెలుసు. కానీ నా లోపలికి రాలేదు. నేను చెవిటిదానిలా, గుడ్డిదానిలా అతని గుండెల మీద సున్నా పట్టుకుని వేలాడాను.

పైన పైడమ్మ అప్పుడప్పుడు "ఓయ్" అనేది. కింద నుంచి అతను "ఓయ్" అనేవాడు. అది వాళ్ళ లెక్క. కాసేపటికి ఆమె "ఓయ్" అంటే కింద నుంచి నవ్వు వచ్చింది.

"పైడీ, నా కాళ్ళు ఎటెల్లిపోనాయే?" అని, మళ్ళీ నవ్వాడు.

"పండగ మత్తు ఇంకా దిగనేదురా నూకరాజుకి" అన్నారు పక్కవాళ్ళు. మేస్త్రీ కూడా పగలబడి నవ్వాడు.

పైడమ్మ నవ్వలేదు. ఆ మనిషి నవ్వు ఆమెకు తెలుసు. పెళ్ళిలో ఫోటోవాడు ఎంత బతిమాలినా నవ్వని మనిషి. ఆమె తాడు రెండు చేతులకూ చుట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "నాగండి, నాగండెహె" అని కేక పెట్టింది. మేస్త్రీ నవ్వు ఆగిపోయింది. అందరూ వచ్చి లాగారు. నూకరాజు పైకి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంకా నవ్వుతున్నట్టే నోరు తెరిచి ఉంది. వెల్లకిలా పడుకోబెడితే వాంతి చేసుకున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి మనుషుల్ని గుర్తుపట్టాడు.

బతికాడు. కానీ ఆ రోజు నుంచి నా మీద నమ్మకం పోయింది.

"దగా సేసిందిది. సున్నా సూపిస్తా ఊరుకున్నాది. దీన్నేటి నమ్ముకుని దిగుతాం?" అన్నాడు నూకరాజు, మంచం మీద లేచి కూర్చున్నాక. నా వైపు చూడలేదు. మేస్త్రీ అయితే నన్ను పాతసామాన్ల కుప్ప మీదకు విసిరేశాడు. కొత్తది తెప్పించే మాట ఎవరూ అనలేదు. అరవాల్సినప్పుడు అరవని వస్తువు ఇంకోటి కొనడం ఎందుకు? అడుగుకు దీపం దించి ఆరుతుందేమో చూసే పాతకాలం పద్ధతులు, వాసన పీల్చి దిగే పద్ధతులు మళ్ళీ మాటల్లోకి వచ్చాయి. పెట్రోలు ట్యాంకులో దీపం! వాళ్ళు మామూలుగానే మాట్లాడుకుంటున్నారు. కుప్ప మీద పడి నేను వింటున్నాను.

పైడమ్మ నన్ను గిన్నె సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. బాగుచేద్దామని కాదు అనుకుంటాను. ఇటుక మీద తమలపాకు వేసి నిలబెట్టినదాన్ని చెత్తలో వదలబుద్ధి కాలేదంతే. దేవుడి పటాల దగ్గర పెట్టబోతూ నా ముఖం మీద ఆరిపోయిన బొట్టు చూసి గోటితో గీకింది. గంధం పెచ్చులా లేచింది. దాని కింద జల్లెడ కనిపించింది. జల్లెడ కన్నాల్లో గంధం కూరుకుని ఉంది. ఆమె అలాగే నిలబడిపోయింది. జల్లెడ ఎందుకు ఉంటుందో ఆడమనిషికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఈ పని చేస్తోంది. నూకరాజు లేవకముందు గడప మీద కూర్చుని చీపురు పుల్లతో తుడుస్తుంది. మొదటిరోజు ఎర్రటి దూదిని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మొగుణ్ణి చంపబోయిన ఆడది అంటారు. తాడు మళ్ళీ ఆమె చేతికి ఇవ్వరు. చెప్పకపోతే అతను నేను లేకుండా దిగుతాడు. ఈ రెండింటి మధ్య ఆమె దూది మార్చుకుంటూ కూర్చుంటోంది.

ఇదిగో, ఇప్పుడు కూడా కొత్త దూదిపింజ తెల్లగానే వచ్చింది. ఆమె దాన్ని పక్కన పెడుతుండగా వీధిలో మోటారు సైకిలు ఆగింది. హ్యాండిలుకు వాడిపోయిన బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. మేస్త్రీ దిగాడు.

"నూకరాజు లేచినాడా? రెండో ట్యాంకు ఈ రోజు తియ్యాల. లారీ ఒచ్చేసినాది. పంకా రాత్రి నుంచి తిప్పుతానే ఉన్నాం."

నూకరాజు లోపలి నుంచి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"ఆసుపత్రోళ్ళు కొన్నాళ్ళు దిగొద్దన్నారు మేస్త్రీ. రకతం పరీచ్చ సెయ్యాలంట."

"చేయిద్దాం. ఈ ఒక్క ట్యాంకు అయినాక నేనే తీసుకెల్తాను. నువ్వు కాకపోతే ఇంకెవుడు దిగుతాడు సెప్పు."

"మీటరు?"

"అది ఉన్న రోజున ఏం పొడిసినాది? నీ ముక్కు నీకుంది కదా."

నూకరాజు "అదీ నిజమే" అని, గోడకు తగిలించి ఉన్న తాడు అందుకున్నాడు.

పైడమ్మ లేచింది. నన్ను పట్టుకుని వీధిలోకి దిగి, మేస్త్రీ బండి మీద ఎండిన దండ తెంపి, పెట్రోలు మూత తిప్పింది.

"ఏటమ్మా, పొద్దున్నే నా బండితో పనేటి నీకు?"

ఆమె నన్ను ఆ మూతి దగ్గర పట్టుకుంది. నా ముక్కులోకి పెట్రోలు ఆవిరి వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. నా రెండు దీపాలూ వెలిగాయి. వీధి చివరి దాకా వినిపించేలా కూత పెట్టాను.

"అరె, బాగయిపోనాదే! ఎలగ?" అన్నాడు మేస్త్రీ.

పైడమ్మ మూత పెట్టేసి, నేను ఊరుకునేదాకా ఆగింది. తరువాత కుడిచేయి ఎత్తి తన నుదుటి మీద ఉన్న స్టిక్కరు బొట్టు తీసింది.

"ఏయ్, ఏటే అది? పొద్దున్నే ఆ పనేటి?" నూకరాజు గొంతు లేచింది. మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా ఏ ఆడదీ బొట్టు తియ్యదు. మేస్త్రీ ముఖం తిప్పుకున్నాడు.

ఆమె ఆ బొట్టు బిళ్ళను నా రెండు దీపాల మధ్య అంటించింది. పెద్ద బిళ్ళ. జల్లెడకు సరిగ్గా సరిపోయింది. అంచులు వేలితో నొక్కింది. మళ్ళీ మూత తిప్పి, మళ్ళీ ఆ మూతి దగ్గరే పట్టుకుంది. పెట్రోలు వాసన వీధంతా కొడుతోంది. నా పలకలో సున్నా ఉంది. నేను పలకలేదు. ఆమె నన్ను నూకరాజు వైపు తిప్పి, ఆ సున్నా చూపించింది. అలాగే పట్టుకుని ఉంది. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగో అందరికీ తెలిసేదాకా.

తరువాత గోటితో బిళ్ళ లేపింది. నేను అరిచాను.

"పూజ రోజు గంధం ఎట్టింది నానే" అంది. "నిండుగా ఎట్టినాను."

మేస్త్రీ తన బండి మీద తెగిపోయిన దండ వైపు చూశాడు. దాన్ని తియ్యనివ్వంది ఎవరో గుర్తొచ్చినట్టుంది.

"సరే, అయిందేదో అయినాది. నూకరాజూ, ఆ తాడిలా ఇయ్యి. ఈ రోజు పైన ఇంకెవుడినైనా కూకోబెడతాను."

నూకరాజు తాడు ఇవ్వలేదు. వీధిలోకి వచ్చి పైడమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ఆమె నుదురు ఖాళీగా ఉంది. బొట్టు బిళ్ళ ఇంకా ఆమె వేలి కొనకే అంటుకుని ఉంది. అతను ఆమె చేతిలోంచి నన్ను తీసుకున్నాడు. జల్లెడ మీద బొటనవేలితో ఒకసారి తడిమాడు. ముక్కు బయటికి ఉండేలా చూసి నన్ను చొక్కాకు తగిలించుకున్నాడు. నా వెనక అతని గుండె గట్టిగా కొట్టుకుంటోంది.

మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడు. గోడ దగ్గర నిలబడ్డాడు. రోజూ భుజాన వేసుకునే తాడు ఆ రోజు వేసుకోలేదు. చుట్టలు చుట్టి, పైన కూర్చునేది ఆమేనన్నట్టు, ఆమె చెప్పుల పక్కన ఉన్న గిన్నె సంచి మీద పెట్టాడు.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. రోజూ ఆ చోట అనే మాట కోసం పైడమ్మ ఎదురుచూసింది. నేనూ చూశాను.

నూకరాజు ఏమీ అనకుండా గడప దాటి పనికి వెళ్ళిపోయాడు.